మసి పట్టిన చిన్న గోడలు

నమూనా రైలు మార్గాల చరిత్ర రాసినవారు ఎక్కువగా ఇంజన్ల గురించి, పట్టాల వెడల్పు గురించి, విద్యుత్తుతో బండిని నడిపే పద్ధతుల గురించి రాశారు; ఆ పట్టాల పక్కన నిలబడిన ఫౌండ్రీలు, గోదాములు, బొగ్గు బురుజుల ప్రస్తావన చాలాచోట్ల ఒక పేరాతో ముగిసిపోతుంది. అయితే పిల్లల ఆటవస్తువుగా పుట్టిన ఈ కళ ఒక కాలాన్ని, ఒక ప్రాంతపు శ్రమను చిత్రించే స్థాయికి ఎదిగిన దారి ఆ గోడల మీదుగానే సాగింది. ఇంజను ఎంత పాతదైనా దానిని ఎప్పటికప్పుడు తుడిచి నూనె రాసి రంగు వేస్తారు గాని, లోకో షెడ్డు గోడను పనిగట్టుకొని కడిగేవారు ఉండరు కాబట్టి, ముప్పై నలభై ఏళ్ల పొగ, వాన, ఎండ, పని దాని మీద పొరలు పొరలుగా పేరుకొని మిగులుతాయి. ఆ పొరలను చదవడం నేర్చుకోవడమే ఈ చేతిపని చరిత్రలో అసలు మలుపు.

ఇక్కడ లేఅవుట్ అనే మాట తెలుగు పాఠకులకు అలవాటైన ఇళ్ల స్థలాల అర్థంలో కాక, బల్లల మీద గాని గది నిండా కట్టిన చట్రం మీద గాని పట్టాలు, కొండలు, ఊళ్లు, కర్మాగారాలు అన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గించి నిర్మించిన చిన్న రైల్వే ప్రపంచం అనే అర్థంలో వస్తుంది. స్కేలు అనే ఈ నిష్పత్తులలో ఎక్కువ ప్రచారంలో ఉన్న హెచ్ఓ స్కేలులో అసలు వస్తువు 87 వంతులైతే నమూనా ఒక వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. కొత్తగా కట్టిన నమూనాకు ఎండా వానా తిన్న రూపం తీసుకురావడాన్ని, అంటే తుప్పు, మసి, పాచి, వెలిసిన రంగు, పెచ్చులూడిన గోడ మొదలైనవాటిని కుంచెతోనూ పొడులతోనూ పుట్టించడాన్ని వెదరింగ్ అంటారు.

తొలినాటి బొమ్మ రైళ్లలో ఈ ఆలోచనకు తావే లేదు. జర్మనీలోని గోపింగెన్‌లో 1859లో తగరపు పూత రేకుతో బొమ్మల వంటసామాను చేసే పనితో మొదలైన మెర్క్లిన్ సంస్థ, 1891 నాటి లైప్జిగ్ సంతలో నిర్దిష్ట వెడల్పుల పట్టాలతో కీ ఇచ్చి నడిపే రైలును ప్రదర్శించినప్పుడు, దానికి తోడుగా వచ్చిన స్టేషన్లు, షెడ్లు కూడా రేకు మీద మెరిసే రంగులతో తయారయ్యేవి. అమెరికాలో జాషువా లయనెల్ కవెన్ 1900 ప్రాంతంలో తయారుచేసిన మొదటి విద్యుత్ బండి దుకాణపు అద్దాల కిటికీలో సరుకును తిప్పి చూపించి కొనుగోలుదారులను ఆకర్షించడానికి ఉద్దేశించినది. సరుకు కంటే బండినే జనం అడిగి కొనడం మొదలుపెట్టడంతో అది ఆటవస్తువుగా మారింది. ఆయన పేరుతో నడిచిన లయనెల్ సంస్థ 1920లలో అమ్మిన విద్యుత్ కేంద్రపు బొమ్మ కట్టడం లోపల రైలుకు కరెంటు అందించే ట్రాన్స్‌ఫార్మర్‌ను దాచే వీలుండేది, 1930ల చివర వచ్చిన బొగ్గు ఎలివేటరు నిజంగానే బొగ్గు గుళ్లను పైకి ఎత్తి వ్యాగన్‌లో పోసేది. ఇంటింటా క్రిస్మస్ చెట్టు కింద చుట్టూ తిరిగే రైలుకు పెన్సిల్వేనియాలోని మొరావియన్ క్రైస్తవుల పుట్జ్ ఆచారంతో కూడా బంధం ఉంది. క్రీస్తు జనన దృశ్యం చుట్టూ చిన్న ఊరిని పేర్చే ఆ అలంకరణ మన సంక్రాంతి, దసరా బొమ్మల కొలువును ఎంతో పోలి ఉంటుంది. పండుగ బొమ్మ కొత్తగా, శుభ్రంగా ఉండాలనుకోవడం సహజమే కనుక ఆ కర్మాగారాల చిమ్నీలకు మసి అంటలేదు.

మార్పుకు నేల 1930లలో సిద్ధమైంది. మిల్వాకీ నగరంలో ఏ. సి. కామ్‌బాక్ 1934 జనవరిలో మోడల్ రైల్‌రోడర్ పత్రికను ప్రారంభించాడు, 1935లో అదే నగరంలో నమూనా రైల్వే నిర్మాతల జాతీయ సంఘం ఏర్పడి చక్రాలకూ పట్టాలకూ ఒకే ప్రమాణాలు నిర్ణయించింది. కొనుక్కొని ఆడుకునే వస్తువుకూ కొలిచి కట్టుకునే వస్తువుకూ మధ్య గీత అక్కడ పడింది. న్యూ ఆర్లియన్స్‌లో డెల్టా లైన్స్ అనే లేఅవుట్ కట్టిన ఫ్రాంక్ ఎలిసన్ రంగస్థల అనుభవం ఉన్నవాడు. ఆయన 1944లో అదే పత్రికలో వరుసగా రాసిన వ్యాసాలలో లేఅవుట్‌ను నాటకంతో పోల్చి, దృశ్యం రంగస్థలమనీ, బండ్లు పాత్రధారులనీ, టైమ్‌టేబుల్ కథ అనీ వివరించాడు. ఈ పోలిక కర్మాగారానికి గొప్ప మేలు చేసింది. బండి ఎక్కడినుంచో సరుకు తేవాలి, ఎక్కడికో చేర్చాలి అనుకున్న మరుక్షణం పట్టాల పక్కన బొగ్గు గని ముఖద్వారం, రంపపు మిల్లు, ఐసు గోదాము, ధాన్యాన్ని ఎత్తైన గాదెల్లోకి ఎక్కించి నిలవచేసే ఎలివేటరు వంటివి అవసరమవుతాయి, వాటికి ప్రధాన మార్గం నుంచి చీలే సైడింగులు కావాలి, ఏ వ్యాగన్ ఏ మిల్లుకు పోవాలో చెప్పే చిన్న చీట్లు కావాలి. అప్పటిదాకా అలంకారంగా ఉన్న కట్టడం దీనితో బండి నడకకు కారణమైంది.

ఇక పాతదనపు పూత విషయానికి వస్తే, దానికి ఇద్దరు వ్యక్తుల పేర్లు ముందు చెప్పుకోవాలి. ఇంగ్లండ్‌లో జాన్ అహెర్న్ 1930ల చివర మొదలుపెట్టిన మాడర్ వ్యాలీ రైల్వే ఒక ఊహాకల్పిత లోయలోని చిన్న మార్గమే అయినా, అందులోని ఇళ్లూ మిల్లులూ అట్టముక్కలతో, చెక్కతో, కాగితంతో నిజమైన కట్టడాలను చూసి చేసినవి. ప్రకృతి దృశ్యానికీ కట్టడానికీ రైలుకు ఇచ్చినంత శ్రద్ధ ఇవ్వాలన్న మాట అంతకుముందు ఎవరూ అంత స్పష్టంగా ఆచరించి చూపలేదు. చిన్న కట్టడాల నిర్మాణం మీద, చిన్న ప్రకృతి దృశ్యాల మీద 1950 ప్రాంతంలో ఆయన వెలువరించిన పుస్తకాలు ఒక తరానికి పాఠ్యగ్రంథాలయ్యాయి. రెండవవాడు కాలిఫోర్నియాలోని మాంటెరేలో గోరీ అండ్ డిఫీటెడ్ అన్న పేరుతో విశాలమైన కొండల లేఅవుట్ కట్టిన జాన్ అలెన్. ఆయన 1913లో పుట్టాడు, వృత్తి ఛాయాగ్రహణం. ఆ వృత్తే ఆయన చేత పాతదనపు పూతలు వేయించిందని భావించడానికి బలమైన ఆధారం ఆయన తీసిన ఫొటోల్లోనే ఉంది: కెమెరా దగ్గరికి వచ్చేసరికి మెరిసే ప్లాస్టిక్కు, ఒకే రంగు పూసిన గోడ వెంటనే బొమ్మలుగా బయటపడతాయి, నీరెండ పడిన మాసిన చెక్క మాత్రం నిజమైనదిగా నిలుస్తుంది. అలెన్ తన ఇంజన్లకూ వ్యాగన్లకూ కట్టడాలకూ మట్టి, మసి, తుప్పు పూసి తీసిన ఫొటోలు పత్రికలలోనూ నమూనా బండ్లు తయారుచేసే వార్నీ సంస్థ ప్రకటనలలోనూ వచ్చినప్పుడు, డబ్బుపోసి కొన్న నమూనాను చేతులారా మురికి చేసుకోవడమేమిటని అభ్యంతరపడినవారు ఉన్నారు. మసిపూసి మారేడుకాయ చేయడం అని తెలుగువారు మోసానికి వాడే నుడికారం ఇక్కడ తిరగబడుతుంది, ఎందుకంటే ఈ పనిలో మసి పూసిన తరువాతనే వస్తువు తన నిజరూపానికి దగ్గరవుతుంది.

ఈ అభిరుచి బలపడిన కాలాన్ని గమనించాలి. అమెరికా ప్రధాన రైల్వేలు 1940ల నుంచి ఆవిరి ఇంజన్లను తీసివేసి డీజిల్ ఇంజన్లను ప్రవేశపెట్టాయి, 1960 నాటికి అక్కడి ప్రధాన మార్గాలలో ఆవిరి బండ్ల నిత్యసేవ ముగిసింది. ఆవిరితో పాటు దాని చుట్టూ పెరిగిన కట్టడాల కుటుంబమంతా నిరుపయోగమైంది: మధ్యలో తిరిగే బల్ల చుట్టూ అర్ధచంద్రాకారంలో కట్టిన లోకో షెడ్లు, ఇంజన్లకు పైనుంచి బొగ్గు జారవిడిచే కాంక్రీటు బురుజులు, చక్రాలు జారకుండా పట్టాల మీద చల్లే ఇసుకను ఆరబెట్టే గదులు, దేవదారు పలకలకు ఇనుప పట్టీలు బిగించి చేసిన నీళ్ల ట్యాంకులు. ఇవి పడగొట్టబడుతున్న దశాబ్దంలోనే నమూనాకారులు వాటి మీది మరకలను కూడా నకలు తీయడానికి పూనుకున్నారు. ఇది కాకతాళీయం అనుకోవడం కష్టం. కళ్లముందు పోతున్న వస్తువు మీదనే మనిషి చూపు అంత నిశితంగా నిలుస్తుంది.

పడిపోయిన మిల్లును మళ్లీ కట్టాలంటే జ్ఞాపకం చాలదు, కొలతలు కావాలి. ఈ అవసరాన్ని తీర్చిన పత్రాలు వేరే ప్రయోజనాల కోసం పుట్టినవి కావడం ఈ చరిత్రలో ఆసక్తికరమైన భాగం. అగ్నిప్రమాద బీమా కంపెనీలు ఏ కట్టడానికి ఎంత ముప్పు ఉందో తెలుసుకోవడానికి 1867లో స్థాపితమైన శాన్‌బోర్న్ సంస్థ పటాలపై ఆధారపడేవి. అంగుళానికి 50 అడుగుల చొప్పున గీసిన ఆ పటాలలో ఇటుక కట్టడానికి గులాబీ రంగు, చెక్క కట్టడానికి పసుపు, రాతికి నీలం, ఇనుముకు బూడిద రంగు వేసి, ఎన్ని అంతస్తులు, బాయిలరు ఎక్కడ, నీటి తొట్టి ఎక్కడ, రైలు సైడింగు ఏ గోడ పక్కనుంచి పోతుంది అన్నీ గుర్తించేవారు. ఆర్థిక మాంద్యంలో పనులు లేని వాస్తుశిల్పులకు ఉపాధి కల్పించే ఉద్దేశంతో 1933లో అమెరికా ప్రభుత్వం ప్రారంభించిన చారిత్రక కట్టడాల సర్వే, 1969లో దానికి తోడుగా వచ్చిన చారిత్రక ఇంజనీరింగు రికార్డు వంతెనలను, మిల్లులను, లోకో షెడ్లను కొలిచి గీసి ఫొటోలు తీసి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రపరిచాయి. ఒక కట్టడం నిప్పుకు ఎంత సులభంగా అంటుకుంటుందో తెలుసుకోవడానికి వేసిన రంగు, ఆ కట్టడం కాలిపోయో కూలిపోయో మాయమైన తరువాత దాని గోడ ఇటుకతో కట్టినదని నమూనాకారుడికి సాక్ష్యం చెబుతుంది.

కొలత దొరికినంత మాత్రాన చోటు దొరకదు. అర మైలు పొడవున్న ఉక్కు కర్మాగారం హెచ్ఓ స్కేలులో కూడా 30 అడుగులు దాటుతుంది. అందువల్ల ఏది ఉంచితే కర్మాగారం కర్మాగారంగా గుర్తుపట్టబడుతుందో దానిని ఉంచి, పునరావృతమయ్యే భాగాలను తగ్గించే పద్ధతి స్థిరపడింది. ఇరవై కిటికీల గోడకు ఏడు కిటికీలు మిగులుతాయి గాని కిటికీ పరిమాణం మారదు, లోపల మనిషి నిలబడే ఎత్తు మారదు. వెనుక గోడకు ఆనించి ముందు భాగాన్ని మాత్రమే కట్టడం, దూరంగా కనిపించవలసిన వాటిని ఇంకా చిన్న నిష్పత్తిలో చేయడం వంటి ఉపాయాలు రంగస్థలపు తెరల నుంచి వచ్చినవే.

సామగ్రి చరిత్ర కొంత వేగంగా చెప్పుకోవచ్చు. అట్ట, బాల్సా, సన్నగా చీల్చిన బాస్‌వుడ్ మొదటి దశ సామాన్లు. కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి ఎలాగో, మెత్తగా తెగి, నార సన్నగా ఉండే ఈ బాస్‌వుడ్ అమెరికా నమూనాకారులకు అలాగ; నార లావుగా ఉంటే 1:87 స్కేలులో అది నార కాక దుంగలా కనిపిస్తుంది. ఫిలడెల్ఫియాలోని బాక్‌మన్ సంస్థ తెచ్చిన ప్లాస్టిక్‌విల్ ఇళ్లు జిగురు లేకుండా ఒకదానిలో ఒకటి బిగిసేవి, జర్మనీ బ్లాక్ ఫారెస్ట్‌లో 1946లో ఫాలర్ సోదరులు స్థాపించిన సంస్థ మరికొన్నేళ్లకు పాలిస్టైరీన్ అచ్చు ముక్కల కిట్లతో ఐరోపా అంతటా వ్యాపించింది. ఈ ప్లాస్టిక్కును అతికించే ద్రవం నిజానికి జిగురు కాదు, రెండు అంచులనూ కరిగించి ఒకటిగా కలిపే ద్రావకం. ప్లాస్టిక్ కిట్ ఇటుక వరుసల్ని కచ్చితంగా ఇచ్చింది గాని అందరి ఊళ్లలోనూ ఒకే కర్మాగారాన్ని నిలబెట్టింది. దానికి విరుగుడుగా రెండు మూడు కిట్లను కోసి కలిపి కొత్త కట్టడం చేసే కిట్‌బాషింగ్ పుట్టింది. ఆర్ట్ కరెన్ దీనిమీద ఒక పుస్తకమే రాశాడు. ముడిసరుకు నుంచి మొత్తం తానే కట్టుకునే స్క్రాచ్ బిల్డింగ్‌కు చౌక సామాన్లతో దారి చూపినవారిలో ఇ. ఎల్. మూర్ పేరు మరువరానిది, ఆయన పత్రికలలో అచ్చువేసిన కట్టడాలు కొన్ని తరువాత ప్లాస్టిక్ కిట్లుగా కూడా వచ్చాయి. మసాచుసెట్స్‌లోని పీబడీలో జార్జ్ సెల్లియోస్ 1967లో ప్రారంభించిన ఫైన్ స్కేల్ మినియేచర్స్ కిట్లు చెక్క ముక్కలు, పోత పోసిన గోడలు, లోహపు పీపాలు, చెత్త కుప్పలతో సహా వచ్చి, ఓపిక ఉన్నవాడికి వారాల తరబడి పని కల్పించేవి. వాల్తర్స్ వంటి సంస్థలు 1990లలో బ్లాస్ట్ ఫర్నేస్ మొదలుకొని ఉక్కు తయారీ దశలన్నిటికీ ప్లాస్టిక్ కిట్లు తెచ్చినప్పుడు ఎలిసన్ ఊహించిన నాటకానికి పూర్తి రంగస్థలం దొరికినట్లయింది.

పాతదనం పుట్టించే పద్ధతులు మాత్రం నిదానంగా చూడదగినవి, ఎందుకంటే వాటిలో ప్రతి ఒక్కటీ నిజమైన కట్టడం మీద జరిగే ఒక భౌతిక క్రియకు అనుకరణ. రంగు వేయని చెక్క ఎండలో నిలబడితే దాని పైపొరలోని లిగ్నిన్ అనే పదార్థం అతినీలలోహిత కిరణాలకు విచ్ఛిన్నమై వానకు కొట్టుకుపోతుంది, మిగిలిన నార వెండి ఛాయ గల బూడిద రంగుకు తిరుగుతుంది. ఇండియా ఇంక్ అని పాశ్చాత్యులు పిలిచే మసి సిరాను కొన్ని చుక్కలు ఆల్కహాల్‌లో కలిపి బాస్‌వుడ్ మీద పూస్తే దాదాపు అదే ఛాయ వస్తుంది. ఆ సిరాను ఫ్రెంచివారు చైనా సిరా అంటారు. పేరు ఏ దేశానిదైనా పదార్థం దీపపు మసే, మన తాళపత్రాలలో గంటంతో గీసిన అక్షరాలకు రుద్ది కనిపించేలా చేసింది కూడా మసే. అక్కడ గీతలో దిగి అక్షరాన్ని చూపిన నలుపు ఇక్కడ పలకల సందులో దిగి నీడను చూపుతుంది.

ఇలా పలుచని ముదురు ద్రవాన్ని ఉపరితలమంతా పారించి సందులలో నిలవనివ్వడాన్ని వాష్ అంటారు. దీనికి ఎదురు పద్ధతి పొడి కుంచె: లేత రంగులో ముంచిన కుంచెను గుడ్డకు తుడిచి దాదాపు ఆరిన తరువాత తేలికగా రాస్తే ఉబ్బెత్తు అంచులకు మాత్రమే రంగు అంటుతుంది. అసలు ఇటుకల మధ్య సున్నపు గీత 10 మిల్లీమీటర్లయితే నమూనాలో అది మిల్లీమీటరులో తొమ్మిదవ వంతుకు అటూ ఇటూగా ఉంటుంది, దానిని కుంచెతో గీయడం అసాధ్యం. లేత రంగు ద్రవాన్ని గోడంతా పారించి ఇటుకల ముఖాల మీదినుంచి తుడిచేస్తే గీతలు వాటంతట అవే నిలుస్తాయి. జింకు పూత రేకు తుప్పు పట్టడానికి ఒక క్రమం ఉంది. పూత అరిగిన మేకుల చుట్టూ, రేకు మీద రేకు కప్పిన అంచుల్లో తుప్పు మొదలై, నీరు జారే దిక్కున కిందికి చారికలుగా సాగుతుంది. అందుకే తుప్పు రంగును అడ్డంగా పూసిన కప్పు ఎంత నైపుణ్యంతో చేసినా అబద్ధమనిపిస్తుంది. ఈ క్రమాన్ని పట్టుకోవడానికి నమూనాకారులు ముందు తుప్పు రంగు వేసి, తడిపి, ఉప్పు చల్లి, పైన గోడ రంగు పిచికారీ చేసి, ఆరాక ఉప్పును రుద్ది తీసి పెచ్చులూడిన చోట తుప్పు బయటపడేలా చేశారు. పలుచని అల్యూమినియం రేకును ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులను చెక్కడానికి వాడే ఫెర్రిక్ క్లోరైడులో ముంచి చిల్లులు పడేదాకా తినిపించే పద్ధతి కూడా ఉంది. అది వేడెక్కి పొగలు కక్కే ప్రమాదకరమైన చర్య కావడం వల్ల అనుభవజ్ఞులు చేతొడుగులు లేకుండా దాని జోలికి పోవద్దని గట్టిగా చెబుతారు. రంగుల విషయంలో ఫ్లోక్విల్ అనే పేరు దశాబ్దాలపాటు రైల్వే రంగులకు పర్యాయపదంగా ఉండి, 2013లో తయారీ ఆగిపోవడంతో, పాత వ్యాసాలలోని రంగుల మిశ్రమాలన్నిటినీ కొత్త సీసాలకు మళ్లీ లెక్కకట్టుకోవలసి వచ్చింది. యుద్ధశకటాల నమూనాలు చేసేవారి నుంచి వచ్చిన పొడి వర్ణకాలు, నూనె రంగులు ఇటీవలి దశాబ్దాలలో ఆ ఖాళీని చాలావరకు నింపాయి.

పద్ధతులు పెరిగిన కొద్దీ అతి కూడా పెరిగింది. సెల్లియోస్ 1985లో మొదలుపెట్టిన ఫ్రాంక్లిన్ అండ్ సౌత్ మాంచెస్టర్ లేఅవుట్ 1930ల మాంద్యపు నగరాన్ని చూపుతుంది. గోడలన్నీ వెలిసిన ప్రకటనలతో, సందులన్నీ విరిగిన పెట్టెలతో నిండిన ఆ దృశ్యం చూసేవారిని కట్టిపడేస్తుంది, అనుకరించిన చాలామందిని దారి కూడా తప్పించింది. మాంద్యంలో కూడా కొన్ని కర్మాగారాలు నడిచాయి, నడిచినవాటి తలుపులకు రంగు వేశారు, పగిలిన అద్దాలు మార్చారు. ఒక వీధిలో అన్ని కప్పులూ సమానంగా తుప్పు పట్టి ఉంటే అక్కడ కాలం గడిచినట్లు కాక, ఒకే మధ్యాహ్నం ఒకే మనిషి అన్నిటికీ పూత వేసినట్లు కనిపిస్తుంది. మరమ్మతు కూడా చరిత్రే: పాత రేకుల మధ్య మార్చిన కొత్త రేకు, మూసేసిన కిటికీలో రంగు కలవని ఇటుకలు, బొగ్గు నుంచి చమురుకు మారాక వాడకం పోయిన గొట్టపు చిల్లు, ఇవన్నీ ఆ కట్టడంలో పనిచేసినవారు తీసుకున్న నిర్ణయాలు. మరక ఎక్కడ ఉండకూడదో తెలిసినవాడి పని చేతికి అందే మరకలన్నీ వేసినవాడి పనికంటే మేలైనదని ఒప్పుకోక తప్పదు.

జాన్ అలెన్ 1973 జనవరిలో గుండెపోటుతో మరణించాడు, పది రోజులకే ఆయన ఇంట్లో రేగిన మంటల్లో గోరీ అండ్ డిఫీటెడ్ దాదాపు పూర్తిగా కాలిపోయింది. ఆ లేఅవుట్ ఈనాడు ఆయన ఫొటోలలోనూ, లిన్ వెస్ట్‌కాట్ రాయగా 1981లో వెలువడిన గ్రంథంలోనూ మిగిలి ఉంది. అహెర్న్ కట్టిన మాడర్ వ్యాలీ మాత్రం ఆయన అనంతరం ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని లాంగ్ విటెన్‌హామ్‌లో ఉన్న పెండన్ మ్యూజియానికి చేరింది. గడ్డి కప్పుల పాత ఇళ్లు కనుమరుగవుతుంటే చూడలేక, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన రాయ్ ఇంగ్లండ్ వాటిని కొలిచి నమూనాలుగా నిలపడానికి 1954లో స్థాపించిన సంస్థ అది. అట్ట, చెక్క, కాగితాలతో చేసిన ఆ కట్టడాల మీద ఇప్పుడు రెండు రకాల మురికి ఉంటుంది, ఎనభై ఏళ్ల కింద అహెర్న్ కుంచె పూసినది ఒకటి, గదిలోని గాలి తెచ్చి పరిచినది మరొకటి. వాటిని కాపాడే చేతులు మొదటిదాన్ని ముట్టుకోకుండా రెండవదాన్ని మెత్తని కుంచెతో తీయవలసి ఉంటుంది.